మీటరు లెక్క పెట్టేది దేన్ని?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. చివర సభ్యులు అడిగిన ప్రశ్నలు, జవాబులు)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "కరెంటు గురించి నాలుగు ముక్కలు చెప్పండి, కానీ క్లాసు మాత్రం పీకకండి" అన్నారు. ముందు వరసలో ఇంతమంది మాస్టార్లు కూర్చుని ఉండగా క్లాసు చెప్పే సాహసం నాకు లేదు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ మీటర్లతోనూ, లైన్లతోనూ గడిపినవాణ్ణి. నాకు తెలిసింది ఆ గోడ మీది పెట్టె ఒక్కటే. ఆ పెట్టె దేన్ని లెక్క పెడుతుంది, దేన్ని వదిలేస్తుంది అనేదే ఇవాళ మనవి చేస్తాను.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, ఈమధ్య మన సభ్యుల్లో నలుగురైదుగురు నా దగ్గరికి వచ్చి ఒకటే మాట అడిగారు. ప్లగ్గులో పెట్టుకునే చిన్న పెట్టె ఒకటి అమ్ముతున్నారట. దానికి ఆకుపచ్చ దీపం ఉంటుంది. పెట్టుకుంటే కరెంటు బిల్లు ముప్ఫై, నలభై శాతం తగ్గుతుందట. అమ్మడానికి వచ్చిన కుర్రాడు కళ్లెదుట చూపించి మరీ అమ్మాడట. ఒక సభ్యుడు పదిహేను వందలు పెట్టి కొన్నారు. రెండు నెలలు చూశారు, బిల్లు తగ్గలేదు. "ఆ అబ్బాయి మీటరు పెట్టి చూపించాడండీ, నా కళ్లతో నేను చూశాను. ముల్లు సగానికి పడిపోయింది. అది అబద్ధమా?" అని నన్ను నిలదీశారు.

అది అబద్ధం కాదు. ముల్లు నిజంగానే పడిపోయింది. బిల్లు తగ్గకపోవడమూ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నదే ఇవాళ్టి కథ.

బ్యాటరీతో పనిచేసే టార్చిలైటు సంగతి సులువు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. అంతటితో సరి. మన ఇళ్లకు వచ్చేది అలాంటి కరెంటు కాదు. అది సెకనుకు యాభైసార్లు ముందుకూ, యాభైసార్లు వెనక్కూ ఊగే కరెంటు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఏకాంతర విద్యుత్తు అన్నారు, లైన్‌మన్‌కు అది ఎ.సి. దీంట్లో వోల్టేజీ ఒక లయలో ఊగుతుంది, కరెంటు ఒక లయలో ఊగుతుంది. ఇస్త్రీపెట్టె, గీజరు, పాత ఫిలమెంటు బల్బు లాంటి వాటిలో ఈ రెండూ కలిసి అడుగులు వేస్తాయి. ఇది పెరిగినప్పుడు అదీ పెరుగుతుంది, ఇది తిరగబడినప్పుడు అదీ తిరగబడుతుంది. అక్కడ వోల్టులను ఆంపియర్లతో గుణించినా తప్పు లేదు.

తీగచుట్ట ఉన్న వస్తువు దగ్గర, అంటే మోటారు, చోక్, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆ లయ తప్పుతుంది. వోల్టేజీ ముందు నడుస్తుంది, కరెంటు కొంచెం వెనకబడుతుంది. ఆ వెనకబాటును కోణంగా చెబుతారు. అసలు వాట్లు కావాలంటే వోల్టులు, ఆంపియర్లు గుణించి, ఆ కోణానికి కొసైను విలువ ఎంతో దానితో మళ్లీ గుణించాలి. ఆ కొసైనునే పవర్ ఫ్యాక్టరు అంటారు.

ఇక్కడున్న వారిలో డెబ్భై దాటిన వాళ్లకు కాలవల్లో పడవ ప్రయాణం జ్ఞాపకం ఉండే ఉంటుంది. లొల్ల లాకుల నుంచి కిందికి వచ్చే పడవలు చూసే ఉంటారు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ, తాడు భుజాన వేసుకుని పడవను లాగేవారు. మనిషి గట్టు మీద, పడవ కాలవ మధ్యన. కాబట్టి తాడు ఎప్పుడూ ఏటవాలుగానే ఉంటుంది. లాగిన లాగుడంతా పడవను ముందుకు నడపదు. కొంత భాగం పడవను గట్టు వైపుకు ఈడుస్తుంది, దాన్ని చుక్కాని పట్టుకున్నవాడు ఆపుకోవాలి. తాడు ఎంత పొడుగైతే ఆ కోణం అంత తగ్గి, లాగేవాడికి అంత సుఖం. తాడు పొట్టిదైతే అదే పనికి ఎక్కువ లాగాలి, తాడూ లావుది కావాలి. పడవ నడిచిన దూరానికి ఇచ్చే కూలి మాత్రం మారదు. పవర్ ఫ్యాక్టరు అంటే ఆ తాడు కోణమే.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక తీగచుట్ట ఉందనుకోండి. దాని నిరోధం 30 ఓములు. ఊగే కరెంటుకు తీగచుట్ట అదనంగా చూపించే ఎదురును రియాక్టెన్సు అంటారు, అది 40 ఓములు. రెండూ కలిపితే 70 అని నోటికొస్తుంది. కానీ ఇవి అలా కలవవు, లంబకోణ త్రిభుజంలో భుజాల్లాగా కలుస్తాయి. 30, 40 భుజాలైతే కర్ణం 50. మాస్టార్లు నవ్వుతున్నారు, ఎనిమిదో తరగతి లెక్కే మరి. 230 వోల్టులను 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. 230ని 4.6తో గుణిస్తే 1,058. అయితే అవి వాట్లు కావు, వోల్ట్ ఆంపియర్లు. నిజంగా ఖర్చయ్యేది నిరోధంలోనే. 4.6ను 4.6తో, మళ్లీ 30తో గుణించండి. సుమారు 635 వాట్లు. పవర్ ఫ్యాక్టరు 0.6. రియాక్టెన్సులో ఖర్చు సున్నా. తగ్గించి చెప్పడం కాదు, అక్షరాలా సున్నా.

మరి మిగతాది ఏమైంది? అంతర్వేది దగ్గర వశిష్ఠ ముఖద్వారంలో పోటు, పాటు చూడని వాళ్లు ఇక్కడ ఉండరు. పోటుకు ఉప్పునీరు కాలవల్లోకి ఎక్కుతుంది, పాటుకు తిరిగి సముద్రంలోకి పోతుంది. రోజు మొత్తం మీద లెక్క చూస్తే సముద్రం మనకిచ్చిందీ లేదు, మన దగ్గర పుచ్చుకున్నదీ లేదు. అయినా ఆ నీరు ఎక్కి దిగడానికి కాలవ వెడల్పు కావాలి, గట్లు ఆగాలి. తీగచుట్ట కూడా అంతే. కరెంటు ఒక్కొక్క ఊపులో కొంత శక్తిని అయస్కాంత క్షేత్రంగా దాచుకుని, మరుక్షణమే లైనుకు తిరిగి ఇచ్చేస్తుంది. సెకనుకు వందసార్లు ఈ పోటు, పాటు సాగుతుంది. ఎవరూ తినరు, కానీ తీగలు మోయాలి. దాన్నే రియాక్టివ్ పవర్ అంటారు. మన లెక్కలో అది 846.

ఈ ఖర్చు కాని గుణం వల్ల మనకు మేలూ జరిగింది. మర్చిపోకూడదు. పాత నలభై వాట్ల ట్యూబులైటు జ్ఞాపకం చేసుకోండి. ట్యూబుకు కావలసింది సుమారు 100 వోల్టులే, ఇంటికి వచ్చేది 230. మిగతా వోల్టులను ఎక్కడో దింపాలి. నిరోధం పెట్టి దింపితే 130 వోల్టులు, 0.43 ఆంపియర్లు, అంటే 56 వాట్లు వేడిగా పోతాయి. దీపం కంటే దివిటీకి ఎక్కువ నూనె పోసినట్టు. అందుకని చోక్ పెట్టారు. అది రియాక్టెన్సుతో వోల్టులు దింపుతుంది. తీగకు ఉండే నిరోధం, ఇనుములో నష్టం వల్ల పన్నెండు, పదిహేను వాట్లు మాత్రమే పోతాయి. పాత ఫ్యాను రెగ్యులేటరు చెక్కపెట్టెలాగా లావుగా ఉండి, చెయ్యి పెడితే కాలేది. అందులో ఉన్నది నిరోధం. ఫ్యానును నెమ్మది చేసినా, ఆదా కావలసిన దాంట్లో చాలా భాగాన్ని ఆ పెట్టె తినేసేది. ఇప్పటి నాలుగు మెట్ల రెగ్యులేటర్లలో చాలావాటిలో కెపాసిటర్లు ఉంటాయి. అవి రియాక్టెన్సుతో పనిచేస్తాయి, కాబట్టి దాదాపు వేడెక్కవు. మీ ఇంట్లో ఇంకా ఆ కాలే పెట్టె ఉంటే ఇవాళే మార్పించేయండి.

కెపాసిటరు పేరు వచ్చింది కనుక దాని స్వభావం కూడా చెప్పేస్తాను. తీగచుట్టలో కరెంటు వెనకబడుతుంది, కెపాసిటరులో ముందుకు నడుస్తుంది. తీగచుట్ట శక్తిని తీసుకునే క్షణంలో కెపాసిటరు ఇస్తుంది, తీగచుట్ట ఇచ్చే క్షణంలో ఇది పుచ్చుకుంటుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఆ పోటు, పాటు వాటి మధ్యనే సాగిపోతుంది, లైను దాకా రాదు. ఇందాకటి తీగచుట్ట పక్కన సరిపడా కెపాసిటరు, అంటే సుమారు 51 మైక్రోఫారడ్‌లది పెట్టామనుకోండి. లైనులో కరెంటు 4.6 ఆంపియర్ల నుంచి 2.76కు పడిపోతుంది. నలభై శాతం తగ్గిందన్నమాట! మరి వాట్లు? ముందు 635, ఇప్పుడూ 635.

ఆ కుర్రాడు చూపించింది ఇదే. అతని చేతిలో ఉన్నది ఆంపియర్లు చూపించే మీటరు. మన గోడ మీద ఉన్నది అది కాదు.

గోడ మీది మీటరుకు పెద్ద చరిత్రే ఉంది. 1885లో ఇటలీలో గలీలియో ఫెరారిస్ అనే ఆచార్యుడు తిరిగే అయస్కాంత క్షేత్రం సంగతి చూపించాడు. 1889లో హంగేరీలో గాంజ్ కర్మాగారపు ఇంజనీరు ఒట్టో బ్లాతీ ఎ.సి.కి వాట్ అవర్ మీటరు తయారు చేశాడు. మనం చిన్నప్పటి నుంచి చూసిన అల్యూమినియం పళ్లెం మీటరు ఆ వంశంలోదే. దాంట్లో రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి వోల్టేజీకి, రెండోది కరెంటుకు. పళ్లాన్ని తిప్పే బలం ఈ రెండింటి లబ్ధం మీదే కాదు, వాటి మధ్య కోణం మీద కూడా ఆధారపడేటట్టు అమర్చారు. కరెంటు ఎంత ఎక్కువ ఉన్నా, అది పూర్తిగా లయ తప్పి ఉంటే పళ్లెం కదలదు. కాటాలో రాయిని తూచకుండా బియ్యాన్ని మాత్రం తూచే కాటా అనుకోండి. నూట ముప్ఫై ఏళ్ల క్రితం ఇనుము, రాగి, అల్యూమినియం రేకుతో ఈ గుణకారం చేయించిన బుద్ధికి నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లోలోపల దండం పెట్టుకుంటూనే ఉన్నాను. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లు సెకనుకు ఎన్నోసార్లు వోల్టేజీని, కరెంటును కొలిచి, గుణించి, కూడి, అదే పని చేస్తాయి. ఇది వేగంగా తిరుగుతుందని, అది నెమ్మదిగా తిరుగుతుందని జనం అనుకునేవి వేరే సంగతులు. కొలిచే వస్తువు ఒకటే.

సాధారణ ఇంటి బిల్లులో యూనిట్టు అంటే కిలోవాట్ గంట. అందులో రియాక్టివ్ పవర్ లేదు. లెక్కలోనే లేని దాన్ని తగ్గిస్తే బిల్లు ఎలా తగ్గుతుంది?

న్యాయానికి ఒక మాట చెప్పాలి. తగ్గేది బొత్తిగా సున్నా కాదు. మీటరు నుంచి మోటారు దాకా ఇంటి వైరింగులో కొద్దిపాటి వేడి నష్టం ఉంటుంది, కరెంటు తగ్గితే అదీ తగ్గుతుంది. లెక్క చూద్దాం. ఒక హార్స్ పవర్ నీళ్ల మోటారు 7 ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి, వైరు నిరోధం 0.3 ఓము. నష్టం సుమారు 15 వాట్లు. మోటారు పక్కనే కెపాసిటరు పెట్టి 5.5 ఆంపియర్లకు దింపితే 9 వాట్లు. మిగిలింది 6 వాట్లు. రోజుకు గంట మోటారు వేస్తే ఏడాదికి రెండు యూనిట్లు. అదీ మోటారు పక్కనే పెడితే. హాల్లో టి.వి. దగ్గరి ప్లగ్గులో పెట్టే పెట్టెకు ఆ రెండూ రావు. ఆ ఆదాతో పదిహేను వందలు తిరిగి రావాలంటే మనకే కాదు, మన మనవల కాలానికి కూడా చాలదు.

నా మాట నమ్మనక్కర్లేదు. ఎవరింట్లో వాళ్లు పరీక్ష చేసుకోవచ్చు. ఇంట్లో అన్నీ ఆపేసి, నీళ్ల మోటారు ఒక్కటే వేయండి. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంది. దాని పక్కనే, యూనిట్టుకు ఇన్ని మిణుకులు అని రాసి ఉంటుంది. కొన్నింటి మీద 1600, కొన్నింటి మీద 3200 ఉంటుంది. 3200 ఉన్న మీటరు మీద 750 వాట్ల లోడు ఉంటే నిమిషానికి 40 మిణుకులు రావాలి. ఒకరు గడియారం పట్టుకుని, ఒకరు లెక్కపెట్టి ఐదు నిమిషాలు చూడండి. తర్వాత ఆ పెట్టె ప్లగ్గులో పెట్టి మళ్లీ ఐదు నిమిషాలు. ఈ పరీక్షకు కావలసింది ఓపిక ఒక్కటే, రిటైరైన వాళ్లకు అది పుష్కలం. ఇంటికి వచ్చి అమ్మేవాణ్ణి కూడా ఈ పరీక్షే చేసి చూపించమనండి. ఆంపియర్ల మీటరు లోపల పెట్టించి, గోడ మీటరు దగ్గరకు తీసుకెళ్లండి.

బిల్లు నిజంగా తగ్గాలంటే వాట్లు తగ్గాలి. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తగా వస్తున్న బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఫ్యాను మార్చుకుంటే ఏడాదికి దగ్గర దగ్గర రెండు వందల యూనిట్లు. చోక్ ట్యూబులైటు తీసేసి 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబు పెడితే, రోజుకు ఐదు గంటల వాడకంలో ఏడాదికి అరవై పైచిలుకు. ఆ రెండు యూనిట్లెక్కడ, ఇవెక్కడ!

ఇంతవరకూ విన్నాక కెపాసిటరు అంటే మోసపు వస్తువు అనే అభిప్రాయంతో మీరు ఇంటికి వెళితే నేను చెప్పింది చెడిపోయినట్టే. ఇంట్లో పనికిరాని ఆ వస్తువే పొలంలో, తోటలో, చెరువు గట్టు మీద బంగారం. మనలో చాలామందికి కొబ్బరితోట ఉంది, ఫిల్టరు పాయింటు మీద మోటారు ఉంది. కాట్రేనికోన, ఉప్పలగుప్తం, అల్లవరం, సఖినేటిపల్లి వైపు వాళ్లకు రొయ్యల చెరువులూ, వాటిలో ఏరియేటర్లూ ఉన్నాయి. ఈ భాగం మీకోసం.

5 హార్స్ పవర్ మోటారు తీసుకోండి. నష్టాలతో కలిపి లైను నుంచి సుమారు 4.5 కిలోవాట్లు తీసుకుంటుంది. పవర్ ఫ్యాక్టరు 0.75 అనుకుంటే, 400 వోల్టుల త్రీఫేజు మీద 8.7 ఆంపియర్లు. 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు తగిలిస్తే 7.1 ఆంపియర్లకు దిగుతుంది. ఒక మోటారుకు ఒకటిన్నర ఆంపియరు, అదేం పెద్ద అనిపిస్తుంది. అలాంటి మోటార్లు పది, ట్రాన్స్‌ఫార్మరుకు అర కిలోమీటరు దూరంలో లైను చివర ఉన్నాయనుకోండి. మన పల్లె లైన్లలో వాడే తీగలకు ఉడుత, ముంగిసలాంటి జంతువు, కుందేలు అర్థం వచ్చే ఇంగ్లీషు పేర్లు ఉన్నాయి. స్క్విరల్, వీజల్, ర్యాబిట్. ఇంగ్లీషు రాని లైన్‌మన్ కూడా ఈ జంతువులను తడుముకోకుండా చెప్పేవాడు. వీజల్ తీగకు కిలోమీటరుకు సుమారు 0.9 ఓము నిరోధం. పది మోటార్లకు 87 ఆంపియర్లు పారితే, మూడు తీగల్లో కలిపి పది కిలోవాట్లు గాలికి పోతాయి. రెండు మోటార్లు నడిచేటంత కరెంటు కాకుల్ని వేడి చేయడానికి సరిపోతుంది. అన్నింటికీ కెపాసిటర్లు ఉంటే 71 ఆంపియర్లు, నష్టం ఏడు కిలోవాట్ల లోపు. నష్టం కరెంటుతో సమానంగా కాక కరెంటు వర్గంతో పెరుగుతుంది, అందుకే ఇంత తేడా.

లైను చివర ఫేజుకు సుమారు 39 వోల్టులు పడిపోయేవి, 34తో ఆగుతాయి. ట్రాన్స్‌ఫార్మరు మీద భారం 60 కె.వి.ఎ. నుంచి 49కి దిగుతుంది. 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు అయితే ముందు నిండుకుండ, తర్వాత ఇంకో రెండు మోటార్లకు చోటు. తోటలో మోటారు ఎత్తుకోకపోవడం, ఎత్తుకున్నా మూలగడం, చివరికి వైండింగు కాలి మాడువాసన రావడం, రివైండింగు షాపు దగ్గర నాలుగు రోజులు పడిగాపులు, ఇవన్నీ లో వోల్టేజీ బిడ్డలే. వోల్టేజీ తగ్గితే మోటారు అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో వోల్టేజీ ఇంకా తగ్గుతుంది. ఎండాకాలంలో తోట ఎండుతుంటే ఆ నాలుగు రోజుల విలువ రైతుకే తెలుసు.

మరి ఇంత లాభం ఉన్నది ఎందుకు జరగదు? ఇక్కడే నా బాధ. కెపాసిటరు పెట్టినవాడికి తన మోటారులో తేడా కనపడదు. అది ఉబ్బిపోయి పాడైనప్పుడు ఎలక్ట్రీషియను పీకేసి పక్కన పడేస్తాడు, మోటారు మునుపటిలాగే తిరుగుతుంది. లాభం మాత్రం అదే లైను మీదున్న పదిమందికీ పంచుకుపోతుంది. ఒక్కడు పెడితే అతనికి దక్కేది అరవోల్టు. పదిమందీ పెడితే ప్రతివాడికీ ఐదు వోల్టులు. కాలవ పూడికతీత లాంటి పని ఇది. పైవాడు తీయకపోతే కిందివాడికి నీరు రాదు.

మీటరు లేకపోవడం కూడా ఒక కారణం. 1980లలో వ్యవసాయ మోటార్లకు హార్స్ పవర్ లెక్కన ఏడాదికింత అనే పద్ధతి వచ్చింది. తర్వాత 2004 మే 14 నుంచి ఉచిత విద్యుత్తు వచ్చింది. రైతుకు అది అవసరమైన సాయమే, దాన్ని తప్పు పట్టడం లేదు. దానితో పాటు నాలుగు నిబంధనలు కూడా పెట్టారు. ఐ.ఎస్.ఐ. మార్కు పంపుసెట్టు, రాపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వు, హెచ్.డి.పి.ఇ. లేక ఆర్.పి.వి.సి. పైపులు, తగిన కెపాసిటరు. మొదటి మూడూ రైతు తన కంటికి కనపడే లాభం కోసం పెట్టుకుంటాడు, నీరు ఎక్కువ పోస్తుంది కనుక. నాలుగోదే అనాథ. కాగితం మీద ఉంటుంది, పాకలో మేకుకు వేలాడుతూ ఉంటుంది.

ఆ డబ్బు ఊరికే పోదు. లైన్లలో వేడిగా పోయిన కరెంటును కూడా ఎక్కడో బొగ్గు కాల్చో, గ్యాసు కాల్చో, సీలేరులో నీరు వదిలో తయారు చేయవలసిందే. ఆ ఖర్చు తిరిగి తిరిగి మన ఛార్జీల్లోకి, ప్రభుత్వ రాయితీల్లోకి వస్తుంది. పెద్ద లోడున్న వ్యాపారులకు, పరిశ్రమలకు అందుకనే కిలోవాట్ గంటలకు బదులు కిలోవోల్ట్ ఆంపియర్ గంటల మీద బిల్లు వేసే పద్ధతి పెట్టారు. అక్కడ రియాక్టివ్ పవర్ కూడా జేబుకు తగులుతుంది. మీ పిల్లలు ఎవరైనా కొబ్బరి పీచు యూనిట్టో, రైసుమిల్లో నడుపుతుంటే బిల్లు తీసి చూడమనండి. కె.వి.ఎ.హెచ్. అని ఉంటే వాళ్లకు కెపాసిటర్లు నిజంగానే డబ్బు మిగులుస్తాయి.

చివరగా ఒక హెచ్చరిక. స్విచ్చి ఆపినా కెపాసిటరులో కరెంటు నిలవ ఉండవచ్చు. మోటారు ఆగింది కదా అని వెంటనే దాని తీగలు ముట్టుకోవద్దు, మనవల్ని దగ్గరికి రానివ్వద్దు. ఉబ్బినదాన్ని, నూనె కారుతున్నదాన్ని పనివాడి చేత తీయించి వెంటనే కొత్తది పెట్టించండి.

సభలో వచ్చిన ప్రశ్నలు

ఒక రిటైర్డు ఉపాధ్యాయిని: మా ఇన్వర్టరు మీద 800 వి.ఎ. అని ఉందండీ. అంటే 800 వాట్లేనా?

కాదమ్మా. ఇవాళ చెప్పుకున్నదంతా ఆ రెండక్షరాల్లోనే ఉంది. తయారీదారు పవర్ ఫ్యాక్టరు 0.8 అని ఇచ్చి ఉంటే 640 వాట్లు. ఆ కాగితం చూడండి. ఎంతసేపు వస్తుందన్నది బ్యాటరీ మీద ఉంటుంది. 150 ఆంపియర్ గంటల 12 వోల్టుల బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ గంటలు, మనకు చేతికి వచ్చేది సుమారు 1,200. మూడు పాత ఫ్యాన్లు, రెండు చిన్న లైట్లు వేసుకుంటే నాలుగు, నాలుగున్నర గంటలు. అదే ఫ్యాన్లు 30 వాట్లవి అయితే ఇంచుమించు రెట్టింపు. తుపాను రోజుల్లో ఆ తేడా తెలుస్తుంది.

కొత్తపేట వైపు నుంచి వచ్చిన సభ్యుడు: కెపాసిటరు పెడితే మోటారు వేడి తగ్గుతుందా?

మోటారు లోపలి కరెంటు దానివల్ల మారదండి. మారేది లైను నుంచి కెపాసిటరు దాకా వచ్చే కరెంటు మాత్రమే. లైనంతా పెట్టుకుంటే వోల్టేజీ మెరుగై, ఆ దారిన మోటారుకు సుఖం. మీ ఒక్కరిదీ పెట్టి చల్లబడలేదేమని ఎలక్ట్రీషియన్ని తిట్టకండి.

ఒక సభ్యుని మనవడు, ఇంటర్మీడియట్ విద్యార్థి: కెపాసిటరు చాలా పెద్దది పెడితే పవర్ ఫ్యాక్టరు ఒకటి దాటుతుందా?

దాటదు బాబూ, కొసైను ఒకటి ఎలా దాటుతుంది? ఎక్కువైతే కరెంటు ఈసారి ముందుకు జరుగుతుంది, పవర్ ఫ్యాక్టరు మళ్లీ తగ్గడం మొదలవుతుంది. రాత్రిపూట మోటార్లన్నీ ఆగి, కెపాసిటర్లు మాత్రం లైను మీద ఉండిపోతే వోల్టేజీ పెరిగి ఇళ్లలో బల్బులు మాడతాయి. అందుకే 5 హార్స్ పవర్‌కు 2 కె.వి.ఎ.ఆర్. చాలు. దాన్ని స్టార్టరు తర్వాత, మోటారు వైపు కలపాలి. మోటారు ఆగితే అదీ లైను నుంచి విడిపోవాలి. మీ తాతగారి తోటలో ఎటు కలిపారో వెళ్లి చూడు, దూరం నుంచే.